జలప్రవేశం అయ్యాక ఓడకు తొమ్మిదేళ్ళ పని ఏమిటి? ఉపగ్రహానికి అంత గడువు ఉంటుందా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. తేలే వస్తువుల పాఠంలో మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ఉదాహరణగా తీసుకుని, 2009 ఫిబ్రవరిలో కొచ్చిన్ షిప్‌యార్డులో కీల్ (ఓడ అడుగున వెన్నెముక లాంటి దూలం) వేశారు, 2013 ఆగస్టు 12న జలప్రవేశం చేయించారు, 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరింది అని బోర్డు మీద రాశాను. వెనక బెంచీలోని కుర్రవాడు లేచి, "నాలుగేళ్ళలో కట్టేశారు, నీళ్ళ మీద తేలుతోంది, మరి మిగిలిన తొమ్మిదేళ్ళు ఏం చేశారు సార్?" అన్నాడు. పక్కవాడు అందుకుని, "చంద్రయాన్ 2 ల్యాండరు 2019లో కూలితే నాలుగేళ్ళు తిరక్కుండానే మూడోది చంద్రుడి మీద దిగింది" అన్నాడు.

పుస్తకంలో ఉన్న జవాబు చెప్పి కూర్చోబెట్టాను కానీ నాకే తృప్తి కలగలేదు. మన సీమకు సముద్రం లేకపోయినా షిప్‌యార్డుల్లోనూ బెంగళూరు అంతరిక్ష కేంద్రాల్లోనూ పనిచేసి వచ్చినవాళ్ళు ఈ వేదిక మీద ఉన్నారని తెలుసు. కట్టడం అయిపోయాక కొలువుకు సిద్ధం చేయడం అనే ఆ రెండో సగంలో నిజంగా ఏం జరుగుతుందో చెబుతారా?

బనగానపల్లె మామిడి (బనగానపల్లె)

మాస్టారూ, కీల్ వేసిన పదమూడేళ్ళకు ఓడ కొలువులో చేరింది. మన కడప ఉక్కు కర్మాగారానికి 2007లో శంకుస్థాపన చేశారు, 2018లో చేశారు, 2019లో చేశారు, 2023లో మళ్ళీ చేశారు. కొచ్చిన్ వాళ్ళను నిలదీసే ముందు ఆ లెక్క కూడా బోర్డు మీద వేయండి.

నిర్వాహకులు

ఉక్కు కర్మాగారం గురించి వేరే చర్చ ఇప్పటికే నడుస్తోంది, చాలా వేడిగా కూడా ఉంది. ఇక్కడ ఓడలు, ఉపగ్రహాల వరకే ఉండండి.

గుత్తి ఫిట్టర్ (గుత్తి, అనంతపురం జిల్లా)

విశాఖలో ఒక యార్డులో పైపు ఫిట్టరుగా చేరి అక్కడే రిటైరై ఊరికి వచ్చేశాను. విక్రాంత్ మీద నేను పనిచేయలేదు. అయితే ఏ యార్డులోనైనా పని వరస ఒకటే కాబట్టి చెబుతున్నాను.

జలప్రవేశం రోజున కొబ్బరికాయ కొట్టి నీటిలోకి వదిలేది చాలావరకు ఖాళీ ఉక్కు పెట్టెను. 2011 డిసెంబరు చివర్లో విక్రాంత్ మొదటిసారి డాకు (ఓడను కట్టే పెద్ద గొయ్యి) నుంచి తేలి బయటికి వచ్చినప్పుడు దాని బరువు 14,000 టన్నుల పైచిలుకు. ఇప్పుడు అన్నీ ఎక్కించుకుని బయల్దేరితే 43,000 టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. ఇంధనం, మంచినీళ్ళు, విమానాలు, మనుషులు తీసేసినా మిగిలే తేడా ఉందే, మీ పిల్లవాడు అడిగిన తొమ్మిదేళ్ళు అందులోనే పోయాయి.

ఆ ఓడలో సుమారు 2,300 గదులు ఉన్నాయి. ఒక్కో గదిలోకి గాలి డక్టులు, సముద్రపు నీటి పైపులు, మంచినీటి పైపులు, మంటలార్పే లైను, హైడ్రాలిక్ లైను, కరెంటు కేబుళ్ళు అన్నీ రావాలి. ఎవరు ముందు వస్తే వాళ్ళు బిగించుకుని పోయే పని కాదు. ముందు పెద్ద డక్టు, తర్వాత లావు పైపు, తర్వాత సన్న పైపు, ఆపైన కేబులు, అన్నిటికీ చివర ఇన్సులేషను, రంగు. మధ్యలో ఒక వాల్వు రాలేదంటే ఆ గదిలో అందరూ ఆగుతారు. వాల్వు వచ్చేసరికి ఆ మనుషులు ఇంకో ఓడ మీద ఉంటారు.

బిగించిన ప్రతి లైనుకూ పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు నీటి ఒత్తిడి పెట్టి చూస్తాం. చెమ్మ కనిపిస్తే విప్పి మళ్ళీ మొదలు. లూబ్ ఆయిల్ లైను అయితే ఇంకో పరీక్ష ఉంది. వేడి నూనెను పంపు పెట్టి తిప్పుతూనే ఉంటాం, సన్నటి జాలీ తీసి చూస్తాం, వెల్డింగు రవ్వ ఒక్కటి దొరికినా మళ్ళీ తిప్పుతాం. వారాలకు వారాలు అదే పని. బయటి నుంచి చూసేవాళ్ళకు ఓడ మీద ఏమీ జరగనట్లే ఉంటుంది. పత్రికలవాళ్ళు వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే.

విక్రాంత్‌కు ఇంకో చిక్కు వచ్చింది. గేర్ బాక్సులు ఆలస్యమయ్యాయి. అంత పెద్ద యంత్రం రాకుండా పై డెక్కులు మూసేస్తే తర్వాత ఉక్కు కోసి దింపాలి. అందుకే 2013 జలప్రవేశం తర్వాత మళ్ళీ డాకులోకి తీసుకున్నారు, 2015 జూన్‌లో కానీ బయటికి తేలేదు. దానికి ముందు ఉక్కు కథ ఒకటి ఉంది. రష్యా నుంచి రావలసిన ఉక్కు అందకపోతే హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కలిసి డీఎంఆర్ 249 అనే రకాన్ని ఇక్కడే తయారు చేశాయి. సెయిల్ ఒక్కటే సుమారు 30,000 టన్నులు ఇచ్చింది. ఆ ఉక్కు వచ్చాకే తర్వాతి యుద్ధనౌకలకు పరాయి దేశం వైపు చూసే పని తప్పింది. ఆ ఏళ్ళను ఆలస్యంలో కలిపి తిట్టడం నాకు నచ్చదు.

కేసీ కెనాల్ (కడప)

నేను ఇంటర్ రెండో సంవత్సరం. పెద్దాయన గారూ, పని ఇంకా అంత మిగిలి ఉంటే నీటిలోకి దింపడానికి తొందర ఎందుకు? డాకులోనే అంతా పూర్తి చేసి ఒకేసారి దింపవచ్చు కదా?

గుత్తి ఫిట్టర్

డాకు అద్దె ఇల్లు లాంటిది బాబూ, వెనకాల ఇంకొకరు సామాను పట్టుకుని నిలబడి ఉంటారు. అది యార్డు అవసరం. ఓడ అవసరం ఇంకొకటి ఉంది. దిమ్మల మీద కూర్చున్న ఓడ ఒక రకంగా వంగి ఉంటుంది, నీటిలో తేలే ఓడ ఇంకో రకంగా వంగుతుంది. కంటికి కనిపించదు కానీ ఇంజను నుంచి ప్రొపెల్లరు వరకు వెళ్ళే పొడుగాటి షాఫ్టుకు ఆ కొద్ది తేడాయే చాలు, బేరింగులు కాలిపోతాయి. అందుకే షాఫ్టు ఆఖరి సర్దుబాటు నీటిలో తేలుతుండగానే చేస్తారు. అదీ పొద్దున ఎండ ఎక్కకముందు. ఎండకు డెక్కు సాగితే కొలత మారిపోతుంది.

పెన్నా తీరం (కడప)

బెంగళూరులో ఒక కాంట్రాక్టు సంస్థ తరఫున ఉపగ్రహాల వైరింగు పనిలో ఉండేదాన్ని. మేము హార్నెస్ అంటాం. పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చేశాను.

మాస్టారి రెండో కుర్రవాడికి ముందు జవాబు చెబుతాను. చంద్రయాన్ 3ను నాలుగేళ్ళలో సున్నా నుంచి కట్టలేదు. రెండోదాని ఆర్బిటరు చంద్రుడి చుట్టూ పనిచేస్తూనే ఉంది కాబట్టి కొత్తది అవసరం లేకపోయింది. ల్యాండరు నమూనా చేతిలో ఉంది, ఎక్కడ దెబ్బతిన్నదో తెలుసు. కాళ్ళు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు, మధ్యలో ఉన్న ఐదో ఇంజను తీసేశారు, వేగం కొలిచే లేజరు పరికరం చేర్చారు. దిగడానికి ఇంతకుముందు 500 మీటర్ల చదరం ఇస్తే, ఈసారి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు నేల ఇచ్చారు. సెన్సార్లను హెలికాప్టరుకు కట్టి ఎగరేసి చూశారు, ఇంజన్లు మండుతుండగా క్రేనుకు వేలాడదీసి చూశారు, కాళ్ళను చంద్రుడి మట్టి లాంటి మట్టి మీద పడేసి చూశారు. నాలుగేళ్ళలో ఎక్కువ భాగం ఇదే. మీ కుర్రవాడు కట్టడం అనుకున్నదంతా నిజానికి సిద్ధం చేయడమే.

ఇక మా పని. క్లీన్ రూమ్ అంటే ఫినాయిలు వేసి తుడిచిన గది అనుకుంటారు. లక్ష తరగతి గది అంటే ఒక ఘనపుటడుగు గాలిలో అర మైక్రాను, అంతకు మించిన రేణువులు లక్షకు దాటకూడదు. వినడానికి లక్ష ఎక్కువే అనిపిస్తుంది, మన వీధి గాలిని ఆ లెక్కన కొలిస్తే ఆ గది ఎంత శుభ్రమో అర్థమవుతుంది. గాలి జల్లులో నిలబడి వెళ్ళాలి, తల నుంచి కాలి దాకా సూటు, మణికట్టుకు ఎర్తు తీగ. పౌడరు లేదు, సెంటు లేదు, పూలు అసలే లేవు. మొదట్లో ఆడపిల్లలందరికీ పూల దగ్గరే బెంగ.

కనెక్టరుకు ఆయుష్షు ఉంటుందని ఎంతమందికి తెలుసు? ఇన్నిసార్లే కలపాలి, విడదీయాలి అని లెక్క. పరీక్షల కోసం రోజూ కలిపి తీస్తే అసలు కనెక్టరు అరిగిపోతుంది కాబట్టి దానికి ముందు ఒక అదనపు తొడుగు కనెక్టరు పెడతాం, అరిగితే అది అరుగుతుంది. చివర్లో తీసేస్తాం. ప్రతి కలపడమూ, తీయడమూ రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. ప్రతి స్క్రూ ఎంత బిగువుతో బిగించామో రాయాలి. మూత వేసే ముందు లోపలి ఫోటో తీసి దాచాలి.

ఇంకో మాట. ఉపగ్రహం మీద బంగారు రేకు చుడతారని నన్ను అడగని బంధువు లేరు. అది పసుపు రంగు ప్లాస్టిక్ పొర, వెనుక అల్యూమినియం పూత. వేడి, చలి లోపలికి వెళ్ళకుండా అలాంటి పొరలు దొంతరగా వేసి కుడతారు. అవును, కుట్టడమే. ధర్మవరంలో పుట్టి ఉంటే ఆ విభాగంలో వేసేవాళ్ళేమో నన్ను.

రాయదుర్గం లేత్ (రాయదుర్గం, అనంతపురం జిల్లా)

అక్క చెప్పిన రిజిస్టరు బాధ మాకూ ఉంది. నాది రెండు సీఎన్‌సీ (కంప్యూటరుతో లోహం కోసే) మెషీన్ల షాపు. బెంగళూరులోని ఒక సంస్థ నుంచి చిన్న అల్యూమినియం బ్రాకెట్ల పని వచ్చింది. అరచేతిలో పట్టే వస్తువు. ఆ లోహపు కడ్డీ ఏ కొలిమిలో ఏ విడతలో పోశారో ఆ నంబరు మొదటి కోత నుంచి చివరి డబ్బా దాకా దాని వెంట రావాలి. కడ్డీని రెండు ముక్కలు చేస్తే రెండిటి మీదా నంబరు కొట్టాలి. కొట్టని ముక్క ఎంత మంచిదైనా తుక్కుతో సమానం. నాకు ముడిసరుకు ఇచ్చినవాళ్ళు సర్టిఫికెట్టు మీద ఒక అంకె తప్పు వేసి పంపితే, కొలతలన్నీ సరిగ్గా ఉన్న పెట్టెడు సరుకు వెనక్కి వచ్చింది. పది రూపాయల పనికి ఇరవై రూపాయల కాగితం.

మొదట ఒళ్ళు మండింది. తర్వాత అక్కడి తనిఖీ అధికారి ఒక మాట అన్నారు: రేపు పైన ఏదైనా విరిగితే, అదే విడత లోహం ఇంకా ఎన్ని ఉపగ్రహాల్లో ఉందో గంటలో తెలియాలి, దానికి ఈ కాగితం తప్ప దారి లేదు అని. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

గుంతకల్లు జంక్షన్ (గుంతకల్లు)

నేను రైల్వేలో పనిచేస్తాను. డీజిల్ ఇంజనును మరమ్మతు చేసి లైను మీదికి వదిలే ముందు లోడ్ బాక్సుకు కలిపి నిలబెట్టే పూర్తి శక్తి ఇస్తాం. కరెంటంతా వేడిగా పోతుంది, ఇంజను అంగుళం కదలదు. ఓడను రేవుకు కట్టేసి ఇంజన్లు నడిపి చూసే బేసిన్ ట్రయల్స్ కూడా అలాంటివేనని విన్నాను.

అయినా నా అభిప్రాయం చెబుతాను, ఫిట్టర్ గారు కోప్పడవద్దు. రెండిట్లో ఓడ పని సులభం. విక్రాంత్‌లో దాదాపు 1,600 మంది ఉంటారు, వాళ్ళలో ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు ఉంటారు, లోపల వర్క్‌షాపు ఉంటుంది. పైపు కారితే కట్టు కడతారు. మరీ పాడైతే రేవుకు తిరిగి వస్తారు. ఉపగ్రహం దగ్గరికి స్పానరు పట్టుకుని ఎవరు వెళ్తారు?

పెన్నా తీరం

ఇది నిజం. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం. రాకెట్టు చక్కగా వెళ్ళింది, దారి చూపే ఉపగ్రహం ఎన్‌వీఎస్ 02ను అనుకున్న చోట వదిలింది. సోలార్ పలకలు విచ్చుకున్నాయి, మాటలు అందుతున్నాయి. కక్ష్య పెంచడానికి ఇంజను మండిద్దామంటే ఆక్సిడైజరును లోపలికి వదిలే వాల్వులు తెరుచుకోలేదు. ఉపగ్రహం మొత్తం బాగుండి కూడా చేరవలసిన చోటికి చేరలేదు.

అంతకుముందు 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ ఎఫ్ 10 రాకెట్టు. పైదశలోని ద్రవ హైడ్రోజన్ ట్యాంకు దగ్గర ఒక వాల్వు కారి ట్యాంకులో ఒత్తిడి పడిపోయింది, అతిచల్లని ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ ఇంజను సరిగ్గా అందుకోలేదు. ఆ వాల్వులోని మెత్తటి సీలు దెబ్బతినడమే కారణమని విచారణ సంఘం తేల్చింది. ఈఓఎస్ 03 అనే ఉపగ్రహం దానితోపాటే పోయింది. ఇలాంటి వార్త వచ్చిన రోజు మా గదిలో ఎవరూ భోజనానికి లేచేవాళ్ళు కాదు. మనం బిగించినవాటిలో అలాంటిది ఏదైనా ఉందా అని ఎవరి రిజిస్టరు వాళ్ళు తిరగేసుకునేవాళ్ళం.

అందుకే నేల మీద ఉండగానే హింసించి చూస్తాం. షేకరు మీద మూడు దిక్కులా ఊపుతాం. రాకెట్టు లేచేటప్పుడు వచ్చే చప్పుడునే ఒక పెద్ద గదిలో పుట్టించి ఆ మోతలో నిలబెడతాం. గాలి తీసేసిన గదిలో పెట్టి వేడి, చలి మార్చి మార్చి ఇస్తాం, రాత్రీ పగలూ వంతుల వారీగా కూర్చుని చూస్తాం. ఒక పరికరం రేడియో తరంగాలు ఇంకోదాన్ని చెడగొడుతున్నాయేమో వేరే గదిలో చూస్తాం. చంద్రయాన్ 3 ల్యాండరుకు ఆ పరీక్ష 2023 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 దాకా జరిగింది, జులై 14న ప్రయోగం.

గుత్తి ఫిట్టర్

కోపం ఏమీ లేదు గుంతకల్లు వారూ. కానీ మీరు మామూలు రోజు గురించి చెబుతున్నారు. ఓడ కట్టేది మామూలు రోజు కోసం కాదు కదా. దెబ్బ తగిలి, కరెంటు పోయి, ఒక గదిలో మంట, పక్క గదిలో నీళ్ళు ఉన్నప్పుడు కూడా తేలాలి, నడవాలి, కాల్చాలి. రేవు నాలుగు రోజుల దూరంలో ఉంటుంది.

అందుకే ప్రతి గదినీ మూసి గాలి నింపి అతుకుల మీద సబ్బు నీళ్ళు పూసి చూస్తాం. బుడగ వచ్చిందా, ఆ గోడ నీటిని ఆపదు. ఇంతా చేసి పాసయ్యాక కేబులు వాళ్ళు వచ్చి అదే గోడకు రంధ్రం పెడతారు. మళ్ళీ పరీక్ష. మా యార్డులో పైపు వాళ్ళకూ కేబులు వాళ్ళకూ మాటలు ఉండేవి కావు.

జలాంతర్గామి అయితే మీరు చెప్పిన సులభం అసలు లేదు. అరిహంత్‌ను విశాఖలో 2009 జులై 26న నీటిలోకి వదిలారు. 2013 ఆగస్టులో లోపలి రియాక్టరు మొదలైంది, 2014 డిసెంబరులో సముద్ర పరీక్షలకు కదిలింది, 2016లో కొలువులో చేరింది. నీటి అడుగున వాల్వు తెరుచుకోకపోతే అక్కడికీ ఎవరూ స్పానరు పట్టుకుని రారు. ఆ ఏడేళ్ళు అందుకు.

బనగానపల్లె మామిడి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. ఓడ విషయంలో రెండూ ఒకే యజమాని నెత్తిన పడ్డాయన్నమాట.

నా సందేహం వేరు. కొలువులో చేరిందని జెండా ఎగరేసిన రోజున అది నిజంగా సిద్ధమా? విక్రాంత్ విమానవాహక నౌక. 2022 సెప్టెంబరులో వేడుక. తేజస్ నౌకాదళ రూపమూ మిగ్ 29కె విమానమూ దాని మీద మొదటిసారి దిగింది 2023 ఫిబ్రవరి 6న. మిగ్ రాత్రిపూట దిగింది మే 24న. అంటే విమానం దిగని విమానవాహక నౌక అయిదు నెలలు కొలువులో ఉంది. ఫోటోలకు తొందరపడ్డారని నేను అనడం లేదు, అనుకునేవాళ్ళు అనుకుంటారు.

గుత్తి ఫిట్టర్

చేరిక అంటే పరీక్షలన్నీ ముగిశాయని కాదు సామీ. 2022 జులై 28న యార్డు ఓడను అప్పగించింది. అంతవరకు ఏది పాడైనా యార్డు బాధ్యత. సెప్టెంబరు 2న జెండా ఎగిరాక కెప్టెనుది బాధ్యత. ఇంజన్లు, స్టీరింగు, లంగరు, పూర్తి వేగంలో హఠాత్తుగా ఆపడం, గిరగిరా తిప్పడం, ఇవన్నీ 2021 ఆగస్టు 4న మొదలుపెట్టి నాలుగు విడతల సముద్ర ప్రయాణాల్లో చూసుకున్నారు. విమానం దించడం అనేది ఓడ ఒక్కదాని పరీక్ష కాదు, పైలట్లు, డెక్కు మీది సిబ్బంది, దిగే విమానాన్ని పట్టి ఆపే తాళ్ళు, లైట్లు అన్నీ కలిసి నేర్చుకునే పని. యార్డు కూలీలు వెల్డింగు చేస్తుండగా అది కుదరదు.

పెన్నా తీరం

మాకూ అంతే అన్నా. పైకి పంపిన రోజున టీవీలో చప్పట్లు కొడతారు, సేవ మాత్రం ఆ రోజు మొదలు కాదు. ఇస్రో, నాసా కలిసి చేసిన రాడారు ఉపగ్రహం నైసార్‌ను 2025 జులై 30న పంపారు, పరికరాలు ఒక్కొక్కటి విప్పి, సరిచూసుకోవడానికే 90 రోజులు పెట్టుకున్నారు.

ఉపగ్రహాలు త్వరగా అయిపోతాయనే మాటకు కూడా నైసారే జవాబు. రాడారు పరికరాలు అమెరికా నుంచి 2023 మార్చిలో బెంగళూరు వచ్చాయి. అన్నీ కలిపి పరీక్షలు చేశాక, ముడిచి ఉంచినప్పుడు ఆ 12 మీటర్ల యాంటెన్నా అనుకున్న దానికంటే వేడెక్కవచ్చని తేలింది. విప్పి, మళ్ళీ కాలిఫోర్నియాకు పంపి, వేడిని తిప్పికొట్టే పూత వేయించి, 2024 అక్టోబరులో తిరిగి తెచ్చారు. 2024 మొదట్లో వెళ్ళవలసింది 2025 జులైకి వెళ్ళింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, చెప్పకూడదు కూడా. వెళ్ళాక వేడెక్కితే పూత ఎవరు వేస్తారు?

రాయదుర్గం లేత్

పనిలో పనిగా ఒక స్థానిక విషయం. రాష్ట్ర ప్రభుత్వం 2025లో అంతరిక్ష విధానం తెచ్చి లేపాక్షి దగ్గర స్పేస్ సిటీ అంది. మంచిదే. నాలాంటివాడికి కావలసింది స్థలం కాదు. బ్రాకెట్ కోసేది ఇక్కడే, అనోడైజింగ్‌కు (అల్యూమినియం మీద రక్షణ పూతకు) బెంగళూరు పంపాలి, కొలత యంత్రం కోసం బెంగళూరు, లోహం పరీక్షకూ బెంగళూరే. ఒక వస్తువు మూడుసార్లు హైవే ఎక్కితే నా లాభం డీజిలుకే సరి. లేపాక్షిలో ముందు ఒక పరీక్షాశాల, ఒక పూత యూనిట్ పెడితే షెడ్లు వాటంతట అవే వస్తాయి. మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్టను కట్టింది బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ షెడ్లలోనే కదా. 1975 ఏప్రిల్ 19న పైకి వెళ్ళిన ఆ 360 కిలోల ఉపగ్రహానికి గొప్ప భవనం ఏదీ లేదు.

బనగానపల్లె మామిడి

మళ్ళీ శంకుస్థాపనల దగ్గరికే వచ్చాం. నిర్వాహకులు గమనించాలి, ఈసారి తెచ్చింది నేను కాదు.

కొండారెడ్డి బురుజు

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. నా పాఠానికి దగ్గరి ప్రశ్న ఒకటి. గరిమనాభి (బరువంతా ఒకచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు), మెటాసెంటరు (ఓడ కాస్త ఒరిగినప్పుడు దేని చుట్టూ ఊగుతుందో ఆ బిందువు, ఇది గరిమనాభికి పైన ఉంటేనే ఓడ మళ్ళీ నిలబడుతుంది) అని బొమ్మ గీసి చెబుతాం. నిజం ఓడకు, వేల గదులు, లక్షల వస్తువులు ఉన్నదానికి, గరిమనాభి ఎక్కడుందో ఎలా తెలుసుకుంటారు? కాగితం మీద కూడుతూ పోతే సరిపోతుందా?

గుత్తి ఫిట్టర్

కూడుతారు, కానీ ఆ కూడికను ఎవరూ నమ్మరు. వెల్డింగు బరువు, రంగు బరువు, గీసిన దానికంటే మందంగా వచ్చిన రేకు, ఇవన్నీ కలిసి ఓడను పైబరువు చేస్తాయి. అందుకే ఓడనే వంచి చూస్తారు.

గాలి లేని తెల్లవారుజామున, పరీక్షకు అవసరమైనవాళ్ళు తప్ప అందరినీ దింపేస్తారు. రేవుకు కట్టిన తాళ్ళు వదులు చేస్తారు. ట్యాంకులు నిండుగానో ఖాళీగానో ఉండాలి, సగం ఉండకూడదు. డెక్కు మీద బరువు తెలిసిన దిమ్మలను కొలిచిన దూరం అడ్డంగా జరుపుతారు. ఓడ కొద్దిగా ఒరుగుతుంది. లోపల పొడుగాటి తీగకు గుండు కట్టి, అది ఊగకుండా నూనె తొట్టిలో ముంచి, తీగ ఎంత జరిగిందో స్కేలు మీద చూస్తారు. అంతే. అంత పెద్ద ఓడకూ వాడేది వడ్రంగి చేతిలో ఉండే తూకపు గుండు లాంటిదే. ఇప్పుడు ఎలక్ట్రానిక్ పరికరాలూ పెడుతున్నారు, పక్కన లోలకం ఉంటేనే మా పెద్దలకు నిద్ర పట్టేది.

ఈ లెక్క తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో స్వీడన్ వాళ్ళకు 1628లోనే తెలిసింది. వాసా అనే యుద్ధనౌక మీద ముప్పై మందిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పరుగెత్తించి చూశారు. ఓడ మరీ ఊగిపోతుంటే పరీక్ష ఆపేశారు, ప్రయాణం మాత్రం ఆపలేదు. ఆగస్టు 10న బయల్దేరి ఒకటిన్నర కిలోమీటరు కూడా వెళ్ళకుండా రాజధాని ముందే మునిగింది. మన దగ్గర 2016 డిసెంబరు 5న ముంబయిలో బేత్వా యుద్ధనౌకను డాకు నుంచి దింపుతుండగా పక్కకు ఒరిగిపోయింది, ఇద్దరు నావికులు చనిపోయారు. నీటికీ దిమ్మలకూ మధ్య ఉండే ఆ కొద్ది సేపే ఓడకు గండం. మరమ్మతుకు వచ్చిన పాత ఓడకూ అంతే.

పెన్నా తీరం

మాస్టారూ, ఉపగ్రహానికి కూడా ఇదే చూస్తాం, నీళ్ళు లేకుండా. ప్రత్యేకమైన యంత్రం మీద కూర్చోబెట్టి గరిమనాభి కొలుస్తాం, కాస్త పక్కకు ఉంటే చిన్న సీసపు, ఇత్తడి బిళ్ళల లాంటి బరువులు బిగించి మధ్యకు తెస్తాం. లేకపోతే ఇంజను మండిన ప్రతిసారీ అది తిరగబడాలని చూస్తుంది, దాన్ని నిలబెట్టడానికే ఇంధనం ఖర్చవుతుంది. ఇంధనం అయిపోయిన రోజు ఉపగ్రహం ఆయుష్షు అయిపోయినట్టే.

కొండారెడ్డి బురుజు

రేపటి తరగతికి లెక్క దొరికింది. పిల్లలూ ఎవరైనా ఇక్కడ ఉంటే చేయండి. ఓడ బరువు 5,000 టన్నులు. 20 టన్నుల దిమ్మను అడ్డంగా 10 మీటర్లు జరిపాం. మెటాసెంటరు గరిమనాభికి 1 మీటరు పైన ఉంది. 5 మీటర్ల తీగ ఎంత జరుగుతుంది?

కేసీ కెనాల్

20ని 10తో హెచ్చిస్తే 200. దాన్ని 5,000తో భాగిస్తే 0.04. తీగ 5 మీటర్లు కాబట్టి 20 సెంటీమీటర్లు. సరిపోయిందా సార్?

ఇంకొక ప్రశ్న. తీగ 20కి బదులు 25 సెంటీమీటర్లు జరిగితే మెటాసెంటరు ఎత్తు 80 సెంటీమీటర్లే అని వస్తోంది. అప్పుడు ఓడ ప్రమాదంలో ఉన్నట్టా, లేక కొలత తప్పా? ఎలా తెలుస్తుంది?

కొండారెడ్డి బురుజు

లెక్క సరిపోయింది. రెండో ప్రశ్న ఫిట్టర్ గారిదే.

గుత్తి ఫిట్టర్

ఒక్క కొలతతో ఎవరూ తేల్చరు బాబూ. దిమ్మలను విడతలు విడతలుగా కుడికి జరుపుతారు, మధ్యకు తెస్తారు, ఎడమకు జరుపుతారు, మళ్ళీ మధ్యకు తెస్తారు. ప్రతిసారీ జరిపిన బరువుకూ తీగ కదలికకూ కాగితం మీద ఒక చుక్క పెడతారు. చుక్కలన్నీ ఒకే గీత మీద పడితే, వచ్చిన జవాబు నచ్చినా నచ్చకపోయినా అదే ఓడ స్వభావం. అప్పుడు అడుగున బరువు వేస్తారా, పైన ఏదైనా తీస్తారా అన్నది డిజైను వాళ్ళ తలనొప్పి. ఒక చుక్క గీత తప్పిందంటే మాత్రం ముందు ఓడను అనుమానించకూడదు. ఎక్కడో తాడు బిగుసుకుని ఉంటుంది, లేదా ఖాళీ అని రాసిచ్చిన ట్యాంకులో నీళ్ళు ఉంటాయి. మాకు ఎక్కువసార్లు ట్యాంకే దొరికేది.